నెల్లూరులో పుట్టిన విలియమ్స్ దొరగారు, మన తవుడు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను కాటన్ దొరగారి గురించే రాస్తాననుకున్నారట. గోదావరి గట్టున పెరిగినవాడికి ఇంకెవరు తోస్తారు గనుక! కాని కాటన్ గారి మీద మనలో నాకంటె బాగా రాయగలవారు ఉన్నారు, రాశారు కూడా. అందుచేత నేను మరో దొరను ఎంచుకున్నాను. ఈయన ఆనకట్ట కట్టలేదు, వంతెన వెయ్యలేదు. ఈయన విగ్రహం మన కొవ్వూరు కూడళ్ళలో ఎక్కడా లేదు. అయినా మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళలో, బీపీ బిళ్ళల పక్కన, ఆయన కష్టఫలం ఒక సీసాలో ఉంటుంది. ఆ సంగతి మనకు తెలియదు. మొన్న మొన్నటి దాకా నాకూ తెలియదు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో నా అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలయింది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. డాక్టరుగారు పరీక్షలు చేయించి, షుగరు వల్ల కొంత, వయసు వల్ల కొంత అని చెప్పి బిళ్ళలు రాశారు. మా మనవడు ఆ సీసా మీది చిన్న అక్షరాలు చదివి, ఇందులో మొదటిది థయామిన్, అంటే బి వన్ విటమిన్ అన్నాడు. అంతటితో ఊరుకోకుండా ఫోనులో వెతికి, దీన్ని తయారుచేసినాయన నెల్లూరులో పుట్టాడట తాతా అన్నాడు. నేను ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, కాగితం చూడనిదే నమ్మే అలవాటు లేదు. ఇంకో దేశంలో ఇంకో నెల్లూరుందేమో చూడమని మళ్ళీ వెతికించాను. మన నెల్లూరే. మొలగొలుకుల నెల్లూరే. ఆ తరువాత ఎనిమిది నెలలు అదే పనిగా దొరికినవన్నీ చదివాను. ఇంగ్లీషులో అర్థం కానిచోట మనవడు చెప్పాడు, రసాయన శాస్త్రం అర్థం కానిచోట ఇద్దరం వదిలేశాము.

ఆయన పూర్తి పేరు రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. 1886 ఫిబ్రవరి 16న పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా బాప్టిస్టు మిషనరీలు. తండ్రిగారు రామాయపట్నంలో తెలుగు బోధకులకు శిక్షణ ఇచ్చే పాఠశాలను నడిపినవారు. తమ్ముడు రోజర్ 1893లో ఊటీలో పుట్టాడు. ఆ తమ్ముడు కూడా రసాయన శాస్త్రమే చదివి, పాంటోథెనిక్ ఆమ్లం అనే మరో బి విటమిన్‌ను కనిపెట్టాడు. ఒక తల్లి కన్న ఇద్దరు బిడ్డలు, ఇద్దరూ అప్పటి మద్రాసు రాజధానిలో పుట్టినవారే, చెరొక విటమిన్‌కు పేరు తెచ్చుకోవడం వింతే మరి. రాబర్టుకు సుమారు పదేళ్ళ వయసులో కుటుంబమంతా అమెరికా వెళ్ళిపోయింది. అక్కడ చికాగో విశ్వవిద్యాలయంలో 1907లో పట్టా, 1908లో పై పట్టా పుచ్చుకున్నారు.

ఆయనను కాసేపు చికాగోలో ఉంచి మనం మన వంటింట్లోకి రావాలి. లేకపోతే తరువాతి కథ అందదు.

నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊళ్ళో వడ్లు రోట్లో పోసి దంచేవారు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరి తరువాత ఒకరు రోకలి వేస్తుంటే, దూరాన పడుకున్నవాడికి అది ఒకే రోకలి చప్పుడులా వినిపించేది. ఆ బియ్యం కాస్త ఎర్రగా, మబ్బుగా ఉండేవి. కొవ్వూరులో మా ఇంట్లో మాత్రం మర బియ్యమే. మా నాన్నగారు ఉద్యోగస్తులు, ఉద్యోగస్తుల ఇంట్లో మల్లెపువ్వు లాంటి అన్నం ఉండాలి. మా అమ్మ ఆ బియ్యాన్ని మూడుసార్లు కడిగేది. కడుగు కుడితి తొట్టిలోకి పోయేది. అన్నం ఉడికాక గంజి వార్చేది, అందులో సగం చీరలకు. మరలో వచ్చిన తవుడు గేదెకు. ఇప్పుడు లెక్క చూసుకుంటే, గింజలో ఉన్న బలంలో పెద్ద భాగం గేదె తిన్నది, కొంత చీరలు కట్టుకున్నాయి, మేము తెల్లటి మెతుకులు తిన్నాము.

ఆ బలంలో ముఖ్యమైన ఒకటి లోపిస్తే వచ్చే జబ్బుకు బెరిబెరి అని పేరు. ముందు అరికాళ్ళు తిమ్మిర్లు, తరువాత పిక్కల నొప్పి, నడక తడబడడం. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. మన దేశంలో ఈ వ్యాధి ముఖ్యంగా వేళ్ళూనుకున్నది ఎక్కడో తెలుసా? మన ఉత్తర సర్కారు జిల్లాల్లో. నీలగిరి కొండల మీద కూనూరులో బ్రిటిషు ప్రభుత్వపు ప్రయోగశాల ఉండేది. అక్కడినుండి మెక్‌కారిసన్, నారిస్ అనే ఇద్దరు 1924లో బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధం మీద ఒక గ్రంథం వెలువరించారు. 1940లో ఎయిక్రాయిడ్ గారు, ఆయన సహచరులు మన దేశపు బియ్యం సమస్య మీద మరొకటి వెలువరించారు. తమిళులు, మలయాళీలు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, అప్పుడు మర పడతారు. అలా చేస్తే తవుడులోని సారం గింజ లోపలికి ఇంకుతుంది, మర దాన్ని పూర్తిగా లాక్కోలేదు. మనకు ఉప్పుడు బియ్యపు వాసన గిట్టదు, మనది పచ్చి బియ్యం. మన జిల్లాల మిల్లులే ఉప్పుడు బియ్యం చేసి లారీలకు లారీలు కేరళకు పంపుతాయి, మనం మాత్రం ముట్టము. అందుకని వాళ్ళను వదిలి ఆ జబ్బు మన తీరాన్ని పట్టుకున్నది. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ తవుడు సంగతి మొట్టమొదట బయటపెట్టినవి కోళ్ళు. జావా దీవిలో బటావియా నగరాన డచ్చి ప్రభుత్వపు ప్రయోగశాలలో ఐక్‌మన్ అనే డాక్టరు కోళ్ళను పెంచేవారు. సుమారు 1890 ప్రాంతంలో ఆ కోళ్ళకు కాళ్ళు చచ్చుబడ్డాయి. కొంతకాలానికి వాటంతటవే బాగుపడ్డాయి. ఏమిటా అని ఆరా తీస్తే, ఆ మధ్య కోళ్ళకు పక్కనున్న మిలిటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లటి అన్నం వేస్తున్నారని తేలింది. కొత్తగా వచ్చిన వంటమనిషి, మిలిటరీ అన్నం సివిలు కోళ్ళకు పెట్టడానికి వీల్లేదని ఆపేశాడట. అప్పటినుండి ముతక బియ్యం వేశారు, కోళ్ళు లేచి తిరిగాయి. పద్దుల విషయంలో అంత కచ్చితమైన వంటమనిషి లేకపోతే వైద్య శాస్త్రం ఇంకెన్నాళ్ళు ఆగేదో! ఆడిట్ అభ్యంతరాలను తిట్టుకునే మన సభ్యులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఐక్‌మన్ గారికి 1929లో నోబెల్ బహుమానం వచ్చింది. వంటమనిషికి ఏమీ రాలేదు.

ఇక మన విలియమ్స్ గారి వద్దకు వద్దాము. 1898లో ఫిలిప్పీన్ దీవులు స్పెయిన్ చేతినుండి అమెరికా చేతికి వచ్చాయి. 1901లో కొత్త దొరతనం మనీలాలో ప్రభుత్వ ప్రయోగశాలల శాఖ ఒకటి పెట్టింది. 1905లో దాని పేరు బ్యూరో ఆఫ్ సైన్స్ అయింది. మన మద్రాసులో కెమికల్ ఎగ్జామినరు ఆఫీసు ఉండేది గదా, దానికంటె చాలా పెద్దది అనుకోండి. సిమెంటు, బొగ్గు, నూనెలు, తినుబండారాలు, టీకా మందులు, అన్నీ అక్కడే పరీక్ష. ఏ శాఖవారు ఏ నమూనా పంపినా పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. విలియమ్స్ గారు మొదట బడిపంతులు ఉద్యోగానికి ఆ దీవులకు వెళ్ళి, 1909లో ఈ శాఖలో రసాయనికుడిగా చేరారు. వయసు ఇరవై మూడు. అంటే మనమందరం సర్వీసులో చేరిన వయసే.

అక్కడ అమెరికా సైన్యంలో వెడర్ అనే డాక్టరు బెరిబెరి మీద పనిచేస్తున్నారు. దీవుల సిపాయిలకు సర్కారు మంచి బియ్యమని చెప్పి తెల్లటి బియ్యం పెట్టేది. ఏటా వందలమంది మంచాన పడేవారు. ముతక బియ్యం, చిక్కుళ్ళు పెట్టడం మొదలుపెట్టాక రెండు మూడేళ్ళలో జబ్బు దాదాపు మాయమయింది. తవుడులో ఏదో ఉన్నదని తెలిసిపోయింది. ఏమున్నదో తెలియలేదు. 1910లో వెడర్ గారు తవుడునుండి దిగిన పాకం లాంటి ద్రవం ఒకటి తీసుకువచ్చి విలియమ్స్ గారికి ఇచ్చి, ఇందులో జబ్బును కుదిర్చే పదార్థం ఏదో వేరు చేసి పెట్టమని కోరారు. తవుడును ఆ దేశపు భాషలో టికిటికి అంటారు. మెడ వెనక్కి విరుచుకుపోయి, కాళ్ళు లేవలేని కోడిపిల్ల నోట్లో ఆ పాకం కొద్దిగా వేస్తే కొన్ని గంటల్లో లేచి గింజలు ఏరుకునేది. కళ్ళతో చూశాక కుర్రవాడు ఎలా ఒప్పుకోకుండా ఉంటాడు? ఆఫీసులో రోజూ వచ్చే కాగితాల్లో అదొక కాగితం. కాని ఆ ఫైలు మూసేసరికి 1936 వచ్చింది. ఇరవయ్యారేళ్ళు.

మనీలాలో పెద్దవాళ్ళకంటె ఈ జబ్బుకు ఎక్కువ బలైనవారు చంటిపిల్లలు. తల్లి తెల్లటి బియ్యం మాత్రమే తింటే, తల్లి తిరుగుతూనే ఉంటుంది, ఆమె పాలలో ఆ పదార్థం ఉండదు. రెండు మూడు నెలల పిల్లలు, అంతవరకు బొద్దుగా ఉన్నవారు, ఒకటి రెండు రోజుల్లో పోయేవారు. వెడర్ గారు, సహ వైద్యుడు చాంబర్లేన్ గారు టికిటికి పాకాన్ని చుక్కలుగా పిల్లలకే పట్టి బతికించి, ఆ సంగతి 1912లో ప్రకటించారు. తరువాత ఆ ప్రభుత్వ శాఖే పాకం తయారుచేసి పిల్లలకు పంచింది. ఆ వైద్యుల వర్ణనలో ఒక లక్షణం ఉన్నది. పిల్ల ఏడుస్తుంది గాని గొంతు రాదు.

అది చదివిన రోజున పుస్తకం మూసి లేచి వీధి అరుగు మీద కూర్చున్నాను. 1956 వేసవిలో మా ఇంట్లో చెల్లెలు పుట్టింది. నాకు ఆరేళ్ళు. బాలింత పథ్యం ఎలా ఉండేదో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. పాత బియ్యం అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. కూర లేదు, పప్పు లేదు, పండు లేదు. మా అమ్మకు నెలల తరబడి అదే సాగింది. మూడో నెలలో ఒక సాయంత్రం ఉయ్యాలలో చెల్లెలు నోరు తెరిచి ఏడుస్తున్నది, శబ్దం రావడం లేదు. నాకు అది ఆటలా తోచి నవ్వాను. దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు. రెండో నాడు తెల్లవారేసరికి పిల్ల లేదు. తల్లి పాలు పడలేదని ఇంటికి వచ్చినవాళ్ళందరూ అన్నారు. మా అమ్మ వినేలాగే అన్నారు. నేను డాక్టరును కాను, మా చెల్లెలు దేనివల్ల పోయిందో చెప్పే అర్హత నాకు లేదు, చెప్పడం లేదు. కాని మా అమ్మ 2003 దాకా బతికింది. తన పాలే పిల్లకు విషమైనాయని చివరిదాకా నమ్మింది. ఈ పుస్తకాలు నా చేతికి వచ్చేటప్పటికి ఆమె లేదు.

మళ్ళీ కథలోకి వస్తాను. పాకంలోనుండి ఆ పదార్థాన్ని వేరు చేయడం విలియమ్స్ గారికి మనీలాలో సాధ్యం కాలేదు. ఒక మెట్టు శుద్ధి చేసేసరికి సగం పోయేది. ఇంకో మెట్టుకు మిగతా సగం. క్షారం తగిలితే పాడవుతుంది, ఎక్కువ కాచితే పాడవుతుంది. ప్రతి మెట్టుకూ కోళ్ళ మీద, పావురాల మీద పరీక్ష చేస్తేగాని అసలు పదార్థం ఏ సీసాలో ఉన్నదో తెలియదు. అయిదేళ్ళు అలా గడిచాయి. ఈలోగా 1912లో ఫంక్ అనే శాస్త్రవేత్త ఇటువంటి పదార్థాలకు విటమిన్ అనే పేరు పెట్టారు. పేరయితే వచ్చింది, పదార్థం రాలేదు. 1915లో విలియమ్స్ గారు ఆ దీవులు విడిచి అమెరికా వెళ్ళిపోయారు.

మనలో ఎవరైనా బదిలీ అయితే ఏం చేస్తాము? చార్జి లిస్టు రాసి, పెండింగు ఫైళ్ళు తరువాతివాడికి అప్పగించి, రైలెక్కుతాము. నేనూ అంతే చేశాను, సిగ్గుపడవలసిందేమీ లేదు. ఈయన మాత్రం ఆ పెండింగు ఫైలును తనతో తీసుకుపోయారు. అమెరికాలో కొంతకాలం ప్రభుత్వోద్యోగం చేసి, 1919లో టెలిఫోను కంపెనీ కొలువులో చేరారు. తరువాత అది బెల్ ప్రయోగశాలలుగా ఏర్పడినప్పుడు రసాయన విభాగానికి అధిపతి అయి రెండు దశాబ్దాలు చేశారు. పగలు ఆయన పని సముద్రం అడుగున వేసే తీగలకు నీరు చొరని పూతలు చూడడం. దానికీ బెరిబెరికీ ఏ సంబంధమూ లేదు. రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో, న్యూజెర్సీలోని తన ఇంటి గారేజీలో తవుడు ముందేసుకుని కూర్చునేవారు. బట్టలుతికే యంత్రాన్ని మార్చి, గిర్రున తిప్పి ద్రవాలను వేరుచేసే సాధనంగా వాడుకున్నారట. సొంత డబ్బే ఖర్చు. ఇల్లాలు ఏమన్నదో పుస్తకాల్లో లేదు, నేను ఊహించుకోగలను.

కొన్నేళ్ళ తరువాత కార్నెగీ వారి నిధి నుండి సహాయం అందింది, కొలంబియా విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది, వాటర్‌మన్ వంటి సహచరులు కలిశారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా మొదట చూసినది విలియమ్స్ గారు కాదు. 1926లో, అదే బటావియా ప్రయోగశాలలో, యాన్సెన్, డొనాత్ అనే ఇద్దరు డచ్చివారు సాధించారు. కాని వారికి దొరికినది పిసరంత, అందులో గంధకం ఉన్నదన్న సంగతి కూడా వారు పట్టలేకపోయారు. నిర్మాణం తేల్చాలంటే పిసరు చాలదు, గ్రాములు కావాలి. టన్ను తవుడునుండి వచ్చేది సుమారు అయిదు గ్రాములు. విలియమ్స్ గారి జట్టు తవుడు రసాన్ని ఒక రకం మట్టితో పట్టించి, ఆ మట్టినుండి క్వినైను సాయంతో విటమిన్‌ను విడిపించే పద్ధతి పట్టుకున్నది. మలేరియాకు మనం మింగిన ఆ చేదు క్వినైనే. 1934 నాటికి చేతినిండా స్ఫటికాలు వచ్చాయి. ఆ తరువాత సల్ఫైటు అనే లవణం తగిలితే ఆ అణువు సరిగ్గా రెండు ముక్కలుగా విడిపోతున్నదని కనిపెట్టారు. తాళం కప్ప విప్పినట్టే. ముక్కలు రెండూ ఏమిటో తేల్చుకుని, వాటిని విడిగా తయారుచేసి, క్లైన్ అనే సహచరుడితో కలిసి అతికించారు. 1936లో తవుడు లేకుండా, కోడి లేకుండా, సీసాలో బి వన్ తయారయింది. గంధకం ఉన్నది గనుక థయామిన్ అని పేరు పెట్టారు. మెర్క్ కంపెనీ కర్మాగారంలో తయారీ మొదలుపెట్టింది. గ్రాము వందల డాలర్లు పలికిన పదార్థం కొద్ది సంవత్సరాల్లోనే డాలరు లోపుకు దిగింది. మనిషికి రోజుకు కావలసినది సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము ఒక మనిషికి దాదాపు రెండేళ్ళు.

1936లో తయారయిన వస్తువు. 1956లో అణాల్లో దొరికే వస్తువు. ఈ రెండు సంవత్సరాలను నేను పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను.

పేటెంట్ల మీద డబ్బు బాగానే వచ్చింది. దానిలో అధిక భాగం విలియమ్స్, వాటర్‌మన్ గార్ల పేర్లతో ఆహారలోపపు వ్యాధుల నివారణకు ఏర్పడిన నిధిలోకి వెళ్ళింది. 1941 నుండి అమెరికాలో తెల్లటి గోధుమ పిండిలో ఈ విటమిన్ కలపడం మొదలయింది. అందులోనూ ఆయన చెయ్యి ఉన్నది.

కాని ఆయన మనసు ఫిలిప్పీన్స్ మీదనే ఉన్నది. తాను పనిచేసిన ఆ మనీలా ఆఫీసు 1945 ఫిబ్రవరిలో, జపానువారికీ అమెరికావారికీ జరిగిన యుద్ధంలో నేలమట్టమయింది. కాగితాలు, నమూనాలు, పుస్తకాలు, అన్నీ పోయాయి. రికార్డు రూము విలువ తెలిసినవాళ్ళం, మనకు ఆ బాధ తెలుస్తుంది. 1948లో అక్కడి డాక్టరు సాల్సెడో గారితో కలిసి బటాన్ అనే జిల్లాలో కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. తెల్లటి బియ్యం మానమని జనానికి ఎంత చెప్పినా మానరని ఆయనకు అప్పటికి అర్థమయింది. అందుకని విటమిన్లు పట్టించిన గింజలు విడిగా తయారుచేసి, ప్రతి 200 గింజల బియ్యానికి ఒకటి చొప్పున మిల్లులోనే కలిపించారు. జిల్లాలో ఒక భాగానికి ఆ బియ్యం, మిగతా భాగానికి మామూలు బియ్యం. రెండేళ్ళు తిరిగేసరికి కలిపిన భాగంలో బెరిబెరి చావులు దాదాపు ఆగిపోయాయి. 1952లో దేశమంతటికీ చట్టం చేశారు.

చట్టం నడవలేదు. ఎందుకంటే, ఏ మిల్లు ఎన్ని విటమిన్ గింజలు కొన్నదో చూస్తే ఎంత బియ్యం ఆడించిందో సర్కారుకు తెలిసిపోతుంది, తెలిస్తే పన్ను పడుతుంది. మిల్లర్లు ఎగవేశారు. ఇది చదివి నేను పకపక నవ్వాను, మా కోడలు వంటింట్లోనుండి పరుగెత్తుకు వచ్చింది. నేను తాలూకా ఆఫీసులో సివిల్ సప్లయిస్ సీటు చూసిన రోజుల్లో లెవీ బియ్యం నమూనా సంచులు వచ్చేవి. నూకల శాతం ఎంత, తేమ శాతం ఎంత అని రాసుకునేవాళ్ళం. ఆ సంచుల్లోని బియ్యం ఒకటి, గోడౌనులో బస్తాల బియ్యం మరొకటి అయిన సందర్భాలు నేను చూశాను. ఎక్కడ అని అడగకండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు రేషను షాపు ముందు నిలబడిన ఆడవాళ్ళు మొదట చూసేది బియ్యం ఎంత తెల్లగా ఉన్నాయా అని. ఎర్రగా ఉంటే ముతక బియ్యం అంటగడుతున్నారని గొడవ. నేనూ వాళ్ళ పక్షాన్నే ఉండి, తెల్లటి బియ్యం పంపాలని పైకి నోట్ పెట్టాను. చక్కటి చేతిరాతతో పెట్టాను.

బటాన్ పద్ధతి వంటిదే మన రేషనులోకీ వచ్చింది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. 2024 మార్చి నాటికి పథకాల బియ్యమంతటా కలిపే ఏర్పాటు పూర్తయిందన్నారు. వందకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి ట్వెల్వ్ పట్టించిన గింజలు. ఆ గింజలు కడిగేటప్పుడు తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని మన జిల్లాల్లోనూ పుకారు లేచింది. మా వీధిలో ఒకావిడ వాటిని ఏరి ఏరి పారబోసేది. నేను వెళ్ళి ఫిలిప్పీన్స్ కథంతా చెప్పాను. ఓపికగా విని, పెద్దవారు మీరు చెబితే సరే బాబాయిగారూ అని, మర్నాడు మళ్ళీ ఏరింది.

విలియమ్స్ గారు 1961లో బెరిబెరి మీద తన అనుభవాలన్నీ ఒక పుస్తకంగా రాశారు. 1965 అక్టోబరు 2న న్యూజెర్సీలోని సమ్మిట్ అనే ఊళ్ళో, డెబ్బై తొమ్మిదో ఏట కన్ను మూశారు. ఆ సంవత్సరం నేను ఎస్.ఎస్.ఎల్.సి. తరగతిలో ఉన్నాను. మా సైన్సు పుస్తకంలో ఒక పట్టిక ఉండేది. ఎ లోపిస్తే రేచీకటి, బి వన్ లోపిస్తే బెరిబెరి, సి లోపిస్తే స్కర్వీ. అది కంఠతా పట్టి, పరీక్షలో రాసి, ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. బెరిబెరి అంటే ఏమిటని మాస్టారిని ఎవరమూ అడగలేదు. ఇంటికి వెళ్ళి మా అమ్మ వార్చిన అన్నం తిన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో గంజి వార్చడం మానేశారు. కుక్కరు వచ్చాక ఎలాగూ వార్చేది లేదనుకోండి. దంపుడు బియ్యం వారానికి మూడు రోజులు. నాకు పంటికి ఇబ్బందిగా ఉన్నా తింటున్నాను. కాళ్ళ తిమ్మిరి కొంత తగ్గింది, కొంత ఉన్నది.

సభ్యులకు ఒక మనవి. నెల్లూరు, రామాయపట్నం వైపు బంధువులు ఉన్నవారు ఎవరైనా, అక్కడ 1880ల నాటి అమెరికన్ మిషను బంగళాలు ఏవైనా నిలిచి ఉన్నట్లయితే, వాటి ఫోటో ఒకటి తీసి సంఘం కార్యాలయానికి పంపగోరుతున్నాను. మా మనవడు తాను బండి నడిపి తీసుకువెళతానంటున్నాడు. నా కాళ్ళు ఒప్పుకుంటే సంక్రాంతి తరువాత మేమే వెళ్ళి వస్తాము.